భూకంప బలానికి పునాది జారకుండా 1.4 గుణకం మన జిల్లాల్లో అవసరమా?

కొండవాలు: విజయనగరం శివారులో వాలు స్థలానికి మూడు మీటర్ల రిటైనింగ్ గోడ (వెనక మట్టిని ఆపే గోడ) లెక్క చేశాను. మీటరు పొడవుకు గోడ, పునాది మీది మట్టి కలిపి 9 టన్నులు, మట్టి తోపు 2.7 టన్నులు, అడుగున ఘర్షణ 0.5 అనుకుంటే మామూలు రోజుల్లో గుణకం, అంటే జారకుండా ఆపే బలాన్ని తోసే బలంతో భాగిస్తే వచ్చేది, 1.67 వస్తోంది. భూకంపానికని బరువులో ఇరవయ్యో వంతును అడ్డంగా పెట్టి, పెరిగే మట్టి తోపును కలిపితే 1.3కు దిగింది. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 అడిగేది 1.4, అదీ సొంత బరువులో 0.9 వంతునే లెక్కలోకి తీసుకుని. పునాది వెడల్పు పెంచమంటే గోడ కట్టించుకునే పార్టీకి కోపం వచ్చింది.

వంశధార ఒడ్డు: రాదా మరి? 2016 నాటి భూకంప ప్రమాణం ఐఎస్ 1893 పటంలో మన విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాలూ అన్నిటికన్నా తక్కువ ప్రమాదపు రెండో జోనే. పైగా భూకంపపు తోపు క్షణక్షణానికీ దిశ మార్చుకుంటుంది కనుక, గుణకం కాసేపు ఒకటి కన్నా తగ్గినా గోడ కూలదు, కాస్త జరుగుతుంది. 1965లో అమెరికా ఇంజినీరు న్యూమార్క్ చెప్పినది ఇదే.

చిన్న మేస్త్రి: అడుగున కీ, అదే ముందు మట్టిని తన్నిపట్టేలా పునాది కిందికి దింపే దిమ్మ, వేస్తే సరిపోదాండీ?

కొండవాలు: ముందున్న మట్టిని రేపు కాలువకని తవ్వేస్తే ఆ ఆసరా ఉండదు. న్యూమార్క్ ఎంత జరుగుతుందో లెక్కగట్టమన్నారు. మీరు లెక్కగట్టకుండానే ఒప్పేసుకుంటున్నారు.

వంశధార ఒడ్డు: నాకు లెక్కలు నేర్పకండి. మా పెరటి గోడకు ఒక ఇంజినీరు భూకంపం పేరిట మూడు పేజీలు రాశారు. 2018లో తిత్లీ తుఫాను వానకు అది జానెడు ముందుకు జరిగింది. వీప్ హోళ్ల (గోడ వెనక నీళ్లు బయటికి పోయే గొట్టాల) వెనక గులకరాళ్లే లేవు. గొట్టంలో బిగిసిన ఎర్రమట్టిని గునపంతో పొడిస్తే ముద్దగా ఊడిపడింది. భూకంపం రాలేదు, నీళ్లు వచ్చాయి.

కొండవాలు: నా గోడ వెనక నీళ్లు పైదాకా నిండితే నీటి తోపే 4.5 టన్నులు, నానిన మట్టిది మరో 1.2. ఆపే ఘర్షణ 4.5. నిజమే, నిలవదు. అయితే మీ కోపం 1.4 మీద కాదు.

వంశధార ఒడ్డు: కాగితం మీద 1.4 చూపించి, మట్టి నింపే రోజున ముఖం చూపించని వారి మీద.

కొండవాలు: నాకిచ్చే ఫీజు కాగితానికే. కళ్లతో చూడలేని పనికి వెడల్పు ఒక్కటే నా ధైర్యం. సరే, గులకరాళ్లు వేసే రోజున వెళ్లి నిలబడతాను, వెడల్పు మాత్రం తగ్గించను.