పారిస్ ఒపెరా హౌస్ కింద చెరువుందట, నిజమేనా? ఊట నేలలో అంత లోతుకి ఎలా దించారు?

కాలువగట్టు రంగస్థలం:

అందరికీ నమస్కారమండి. మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. తీర్థానికి పద్యనాటకం ఆడించడం తాతల నాటి నుంచీ ఉంది. ఈ ఏడు చందాలు పోగయ్యాయి, కాలువ గట్టు పక్కన స్థలం కూడా దొరికింది. పైన స్టేజీ, దాని కింద మేకప్ గదులు కడదామని పెద్దలు అనుకున్నారు. నాలుగడుగులు తవ్వేసరికి గుంట నిండా ఊట. మోటారు పెట్టి తోడినా తెల్లారేసరికి మళ్లీ అంతే. కింద గదుల మాట మర్చిపోండని మేస్త్రీ అంటున్నాడు.

మా అన్నయ్య కూతురు పారిస్‌లో చదువుకుంటోంది. అక్కడి పాత ఒపెరా హౌస్ ఫొటోలు పంపి, దీని కింద కూడా చెరువుందని చెప్పుకుంటారు బాబాయ్ అని రాసింది. 1875లో తెరిచిన కట్టడమట. ఆ రోజుల్లో నీళ్లలో అంత పునాది ఎలా వేశారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ధవళేశ్వరం రిటైర్డ్ ఇంజనీరు:

చెరువు లేదండి. ఉన్నది తొట్టి, అదీ కావాలని కట్టినది. 1910లో ఒక ఫ్రెంచి నవల వచ్చాక చెరువు కథ ప్రపంచమంతా పాకింది. నాకైతే ఆ కథ కన్నా అసలు సంగతే గొప్పగా కనిపిస్తుంది.

కట్టినాయన పేరు షార్ల్ గార్నియే. 1861లో పోటీ పెడితే 171 ప్లాన్లు వచ్చాయి. గెలిచిన ఈయనకి అప్పటికి 35 ఏళ్లు, పెద్ద పేరేమీ లేదు. ఒపెరా అంటే కథంతా పాటలోనే నడిచే నాటకం. సీన్లు మార్చాలంటే తెరలూ సెట్లూ పైకి లాగాలి, కిందికి దించాలి. అందుకే స్టేజీ కింద చాలా లోతు కావాలి. ఆ లోతుకి తవ్వేసరికి మీకు తగిలినట్టే ఊట తగిలింది. 1862 మార్చి నుంచి అక్టోబరు దాకా ఆవిరి పంపులు రాత్రీపగలూ తోడాయి. అయినా నేల ఆరలేదు.

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. రెండు వరసల పునాది వేసి, లోపల పెద్ద కాంక్రీటు తొట్టి కట్టి, అందులో తనే నీళ్లు నింపాడు. భూమిలో ఊట ఉన్నచోట ఖాళీ గది కడితే నీరు పక్కల నుంచి గోడల్ని నెడుతుంది, కింద నుంచి పైకి ఎత్తుతుంది. నిండు బిందె మునుగుతుంది, ఖాళీ బిందె తేలుతుంది, అంతే. తొట్టిలో నీళ్లుంటే లోపలి బరువు బయటి ఒత్తిడికి సరిపోతుంది. అగ్నిప్రమాదం జరిగితే ఆర్పడానికి అవే నీళ్లు. గ్యాసు దీపాల కాలంలో థియేటర్లు తరచూ తగలబడేవి. దీనికి ముందు పారిస్‌లో ఉన్న పాత ఒపెరా కూడా 1873లో బూడిదైంది. ఈ తొట్టి ఇప్పటికీ నీళ్లతోనే ఉంది, అగ్నిమాపక దళం వాళ్లు అందులో ఈత సాధన చేస్తారు.

మన ఆనకట్టకి కాటన్ దొర ఇసుకలో బావులు దించి, వాటి మీద కట్టుబడి లేపాడు. 1852కి పూర్తయింది. ఆ తర్వాత పదేళ్లకి అక్కడ గార్నియే. నీటిని పూర్తిగా వెళ్లగొట్టి కట్టాలని ఇద్దరూ పట్టుపట్టలేదు. నా సర్వీసంతా నేను నమ్మిన పద్ధతి అదే.

ఇక మీ పని. మేస్త్రీ మాట వినండి. ఆ తొట్టి వెనక ఒక సామ్రాజ్యం ఖజానా ఉంది, మీ దగ్గర చందాలున్నాయి. మన జిల్లాలోనే ఒక హాస్టల్లో కొత్తగా కట్టిన సంపుని ఖాళీగా వదిలేస్తే వానాకాలంలో ఒక పక్కకి పైకి లేచిపోయింది, కళ్లారా చూశాను. స్థలం మూడడుగులు మెరక చేసి, గదులు స్టేజీ వెనక కట్టుకోండి. మట్టి పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి. పైన ఒండ్రు, కింద ఇసుక ఉంటే ఫుటింగ్ (స్తంభాల కింద వేసే పునాది దిమ్మ) సంగతి పూర్తిగా మారిపోతుంది.

హార్మోనియం మాస్టారు:

పునాది సంగతి ఇంజనీరుగారు చెప్పారు. హాలు సంగతి నేను చెబుతాను. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూసొచ్చాను. గుర్రపు లాడం ఆకారంలో హాలు, ఎర్ర వెల్వెట్, బంగారు రంగు, నడినెత్తిన ఏడు టన్నుల దీపాల గుత్తి. 1,979 సీట్లు. మైకు లేకుండానే పాడతారు. ఇంతా చేసి, శబ్దం విషయంలో తనకి ఏ సూత్రమూ దొరకలేదనీ, ఫలితాన్ని అదృష్టానికే వదిలేశాననీ గార్నియేయే రాసుకున్నాడు. అంతటివాడు దాచుకోకుండా ఆ మాట రాసినందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది.

మీకు నా మనవి ఒకటే. స్టేజీ మీద రేకులు వేయకండి. జల్లు పడితే శ్రుతి వినపడదు, రాగం తీసే నటుడు గొంతు చించుకోవాలి. మూడు పక్కలా బోసి సిమెంటు గోడలు కూడా వద్దు, పద్యం చివర మాట మోగి మోగి ముద్దైపోతుంది. వెనక గోడకి చెక్క పలకలు కొట్టించండి.

పారిస్ నుంచి:

బాబాయ్, నేనే. తొట్టి దగ్గరికి మామూలు జనాన్ని పంపరు, నేనూ చూడలేదు. కానీ ఒక పక్కన చక్రవర్తి కోసం కట్టిన ద్వారం చూశాను. 1858లో పాత ఒపెరా ముందు మూడో నెపోలియన్ మీద బాంబులు వేశారు. అందుకే కొత్తదాంట్లో ఆయన బండి నేరుగా లోపలికి వెళ్లేలా వాలుదారి పెట్టారు. 1870లో యుద్ధం వచ్చి రాజ్యం పోయింది, 1873లో ఆయన ఇంగ్లాండులో చనిపోయాడు. ఆ దారిన ఒక్కసారి కూడా రాలేదు. అక్కడ చెక్కకుండా వదిలేసిన రాతి దిమ్మలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఇంకోటి, ప్రారంభోత్సవం రోజున గార్నియే తన సీటుకి తనే డబ్బు కట్టాల్సి వచ్చిందట. పద్నాలుగేళ్లు కష్టపడి కట్టిన మనిషికి! నాకు చాలా బాధేసింది. మీరు మాత్రం మేస్త్రీగారినీ కూలీలనీ మొదటి వరసలో కూర్చోబెట్టండి.

కాలువగట్టు రంగస్థలం:

అలాగే తల్లీ, కమిటీలో చెబుతాను. ఇంజనీరుగారూ, మాస్టారూ, ఇద్దరికీ నమస్కారాలు. కింద గదులు మానేశాం, మెరకకే ఒప్పుకున్నారు. పునాది ఎప్పుడు మొదలుపెట్టమంటారు?

ధవళేశ్వరం రిటైర్డ్ ఇంజనీరు:

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక ఓ వారం ఆగండి, ఊట కొంచెం దిగుతుంది. మళ్లీ నీళ్లు వదిలేలోగా ప్లింత్ బీము (గోడల అడుగున వేసే కాంక్రీటు దూలం) పడిపోవాలి. ఇసుక, కంకర ముందే తోలించి పెట్టుకోండి.