కిట్ ఇవ్వకపోతే కరోనా వార్డుకి రానని నర్సు చెప్పొచ్చా?

అలిపిరి వాసి:
మళ్లీ మహమ్మారి వస్తే, పీపీఈ కిట్ లేదని నర్సులు డ్యూటీకి రాకపోవచ్చా అన్నది మా ఇంట్లో రెండు రోజులుగా వాదన. నా మటుకు ఆ హక్కు ఉండకూడదు. 2021 మేలో తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ అందక ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది పోయారు. అలాంటి రాత్రి సిస్టర్లు కూడా లేకపోతే పేషెంటుకి దిక్కెవరు?

చిత్తూరు సిస్టర్:
అన్నా, నేను కరోనా వార్డులో చేశాను. ఆస్పత్రి పేరు చెప్పను. కిట్ ఒకసారి వేసుకుంటే షిఫ్టు అయ్యేదాకా నీళ్లు లేవు, బాత్రూం లేదు, అందుకే డ్యూటీకి ముందు నుంచే నీళ్లు తాగడం మానేసేవాళ్లం, చాలామందికి యూరిన్ ఇన్ఫెక్షన్లు వచ్చాయి, నెలసరి రోజుల్లో అయితే నరకమే. ముక్కు మీద మాస్కు ఒరుసుకుని పుండు పడేది. ఇంట్లో మా అత్తమ్మకి షుగర్, ఆమెకి ఎక్కడ అంటిస్తానోనని నిద్ర పట్టేది కాదు. ఇంత పడ్డా ఎవరం మానలేదు. కానీ వాడిన మాస్కే మళ్లీ వేసుకోమంటే? రక్షణ లేని నర్సుకి జబ్బొస్తే, అది తెలిసేలోపు పక్క బెడ్డు పేషెంటుకీ అంటుతుంది.

తిరుచానూరు రోడ్డు:
ప్రభుత్వం 2020లోనే 50 లక్షల బీమా పెట్టింది. సిబ్బంది మీద దాడి చేస్తే జైలు అని అంటువ్యాధుల చట్టాన్నీ మార్చారు. ఇంకేం కావాలమ్మా?

చిత్తూరు సిస్టర్:
ఆ 50 లక్షలు చనిపోతేనే వచ్చేవన్నా. బతికి, మెట్లెక్కితే ఆయాసపడేవాళ్లకి అందులో ఏమీ ఉండేది కాదు. 2020 జనవరి నుంచి 2021 మే మధ్య ప్రపంచంలో 80 వేల నుంచి 1,80,000 మంది ఆరోగ్య సిబ్బంది కరోనాతో పోయి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పోయాక ఇచ్చే చెక్కు కన్నా ముందే ఇచ్చే ఎన్95 మాస్కు ఎంతో చవక.

అలిపిరి వాసి:
సరేనమ్మా, ఒప్పుకుంటా. మరి అర్ధరాత్రి కిట్లు అయిపోయాయి, లోపల మనిషికి ఊపిరి అందడం లేదు. అప్పుడు?

చిత్తూరు సిస్టర్:
అప్పుడు నేను వెళ్తాను, ఉన్న మాస్కుతోనే. నా తోటి అమ్మాయి వెళ్లలేనంటే మాత్రం, ఇంట్లో చంటిబిడ్డ ఉన్న మనిషి, ఆమెకి మెమో ఇవ్వకూడదు, జీతం కోయకూడదు. కాంట్రాక్టు వాళ్లకైతే మరీ, ఒక్క మాటతో ఉద్యోగం పోతుంది. ఆ రాత్రి కిట్లు ఎందుకు లేవో స్టోర్ చూసే అధికారి రాతపూర్వకంగా చెప్పాలి. హక్కు అంటే నేనడిగేది ఇంతే.