జెరాక్స్ తీస్తే ఫొటోల మీద గళ్లు పడుతున్నాయి, ఎవరైనా చెప్పండి ప్లీజ్

గరగర_గిటార్: పొద్దున్నుంచి దీని మీదే కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. మా బ్యాండ్ వాళ్లం కలిసి రాక్ మ్యూజిక్ మీద చిన్న పత్రిక వేస్తున్నాం, పేరు డిస్టార్షన్, పాతకాలం చేత్తో చేసినట్టు ఉండాలి, అంటే 1976, 77లో లండన్‌లో పంక్ రాక్ కుర్రాళ్లు టైప్ కొట్టి, కత్తిరించి అంటించి, జెరాక్స్ తీసి అమ్మేవాళ్లు చూడండి, అలా. 16 పేజీలు, 60 కాపీలు. ఫొటోలన్నీ చుక్కలు చుక్కలుగా చేశా, స్క్రీన్ మీద అదిరిపోయింది. ప్రింట్ తీస్తే మా డ్రమ్మర్ మొహం మీద దోమతెర కప్పినట్టు గళ్లు. మూడుసార్లు తీయించా, మూడుసార్లూ అంతే, షాపాయన నన్ను చూస్తేనే మొహం తిప్పేసుకుంటున్నాడు. ఫెస్ట్ శుక్రవారం. ఏం చెయ్యాలి?

సైక్లోస్టైల్_మావయ్య: బాబూ, జెరాక్స్ కూడా మీకు పాతకాలమే అయిపోయిందన్నమాట. మేం సైక్లోస్టైల్ మిషన్‌కి స్టెన్సిల్ కోసేవాళ్లం. టైప్ మిషన్ రిబ్బన్ తప్పించి ఉత్త అక్షరాలతో మైనపు కాగితం మీద కొడితే అక్షరం పడిన చోట మైనం తొలిగి అందులోంచి సిరా దిగేది. సున్నా కాస్త గట్టిగా పడిందా, మధ్య ముక్క ఊడిపోయి నల్ల మచ్చ వచ్చేది. తెలుగులో సున్నాలు ఎన్నుంటాయో చెప్పక్కర్లేదు కదా. ఫొటో అన్న మాటే లేదు, బొమ్మ కావాలంటే స్టైలస్‌తో గీసుకోవడమే. మీరు కూడా ఫొటోలు తీసేసి బొమ్మలు వేయించండి, ఈ గళ్ల గొడవే ఉండదు.

ముక్తసరి: ఏ సాఫ్ట్‌వేర్? ఏ ఫైలు? ఎంత డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు)?

గరగర_గిటార్: ఫొటోషాప్. ఫైలు మామూలుదే.

ముక్తసరి: మామూలుది అంటే?

కత్తెర_జిగురు: తమ్ముడూ, చేత్తో చేసినట్టు కనిపించాలంటే చేత్తోనే చెయ్యి, దానికి ఫొటోషాప్ ఎందుకు చెప్పు. నువ్వన్న ఆ లండన్ పత్రికల్లో పేరున్నది స్నిఫిన్ గ్లూ, 1976 జూలైలో మార్క్ పెరీ అని ఒక బ్యాంకు గుమాస్తా మొదలెట్టాడు, పిల్లల టైప్‌రైటరు, హెడ్డింగులకి స్కెచ్ పెన్ను, మొదటి సంచిక 50 కాపీలు, అంటే నీ కంటే పది తక్కువే. సరే, పేరు మాత్రం పేపర్లోంచి అక్షరాలు కోసి అంటించు. కానీ ఇంగ్లీషు వాడికి 26 అక్షరాలు ఏరుకుంటే పనైపోతుంది, మనకలా కుదరదు, గుణింతం వత్తుతో సహా అక్షరం మొత్తం దొరకాలి. నీ పేరునే తీసుకో. స్టా కోసం బస్టాండ్ ఎక్కడుందో వెతుకు, ర్ష కావాలంటే వర్షం వార్త చూడు, వానాకాలం కాబట్టి రోజూ దొరుకుతుంది, డి గుడిలోంచి, న్ స్టేషన్లోంచి. కోసేటప్పుడు కింద వత్తు తెగిపోకుండా చూసుకో, నేను ఓసారి హడావిడిలో స్టా కింద ట వత్తు పోగొట్టి డిసార్షన్ అని అచ్చేసుకున్నా. కాగితం అంచుల నీడ గీతలా పడితే వైట్‌నర్ పుయ్యి, లేదా వదిలెయ్, ఆ గీతే అందం.

డీటీపీ_పాతకాపు: అడిగింది ఫొటోల గురించి, మీరు వత్తుల్లోకి వెళ్లిపోయారు. బ్రో, ఫిల్టర్‌లో ఫొటోని చుక్కలుగా మార్చే కలర్ హాఫ్‌టోన్ కొట్టి వదిలేసి ఉంటావు, అవునా? అలా చేస్తే చుక్కల అంచుల్లో బూడిదరంగు మిగిలిపోతుంది. మిషన్లో ఉండేది నల్ల పొడి ఒక్కటే, బూడిదరంగు చూపించాలంటే అది కూడా సొంతంగా చుక్కలు పెట్టుకుంటుంది, నీ చుక్కల మీద దాని చుక్కలు పడి గళ్లు లేస్తాయి, మోయిరే అంటారు. ఇలా చెయ్యి. ఫొటో పేజీలో ఎంత సైజు పడాలో ముందే ఆ సైజుకి తెచ్చుకో, గ్రేస్కేల్ చేసి కాంట్రాస్ట్ బాగా పెంచు, తర్వాత ఇమేజ్, మోడ్, బిట్‌మ్యాప్, అందులో నలుపు తెలుపు తప్ప బూడిదరంగే ఉండదు. అవుట్‌పుట్ 600 డీపీఐ ఇచ్చి హాఫ్‌టోన్ స్క్రీన్ పెడితే ఫ్రీక్వెన్సీ అడుగుతుంది, 45 ఎల్‌పీఐ (అంగుళానికి 45 చుక్కల వరసలు), కోణం 45, ఆకారం రౌండ్. ఇంకా మోటుగా కావాలంటే 30కి దిగు. టిఫ్‌గా సేవ్ చెయ్యి. పేజీలో పెట్టాక సాగదీయొద్దు, తిప్పొద్దు.

సైక్లోస్టైల్_మావయ్య: ఇంతకీ దీన్ని ఉత్త పత్రిక అనడం తప్పు. చేత్తో చేసేది లిఖిత పత్రిక.

కత్తెర_జిగురు: మావయ్యగారూ, లిఖిత పత్రిక అంటే ఉన్నది ఒక్కటే కాపీ, చేతులు మారుతూ తిరుగుతుంది. కాపీలు తీస్తే అది ఫ్యాన్‌జైన్, అంటే అభిమానులు సొంతంగా వేసుకునే పత్రిక. ఆ మాట పుట్టింది కూడా రాక్ వాళ్ల దగ్గర కాదు, 1940లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానుల దగ్గర.

సైక్లోస్టైల్_మావయ్య: మాకు తెలుగు మాట చాలు.

గరగర_గిటార్: పాతకాపు అన్నా, నువ్వు చెప్పినట్టే బిట్‌మ్యాప్ చేసి పేజీలో పెట్టా. మళ్లీ గళ్లే!! కాకపోతే ఈసారి గళ్లు పెద్దవి. లోపల స్నిఫిన్ గ్లూలో వచ్చిన మూడు గిటార్ కార్డ్స్ (వేళ్లు ఏ తీగ మీద ఎక్కడ పెట్టాలో చూపేవి) బొమ్మ కూడా మా స్టైల్లో వేశాం, అదొక్కటి శుభ్రంగా వచ్చింది.

కత్తెర_జిగురు: ఆ బొమ్మ స్నిఫిన్ గ్లూది కాదు. 1977 జనవరిలో సైడ్‌బర్న్స్ అనే ఇంకో ఫ్యాన్‌జైన్‌లో వచ్చింది. అందరూ ఇలాగే రాస్తారు, కనీసం మీరైనా కింద సరిగ్గా వేయండి.

డీటీపీ_పాతకాపు: అది గీతల బొమ్మ కాబట్టి బతికిపోయింది. షాపుకి ఏం ఇచ్చావు, పెన్‌డ్రైవా?

గరగర_గిటార్: లేదన్నా, ఎప్పుడూ పంపినట్టే పేజీలు జేపెగ్ చేసి షాపాయన వాట్సాప్‌కి పంపా.

ముక్తసరి: ఫొటోగానా, డాక్యుమెంట్‌గానా?

గరగర_గిటార్: ఫొటోగానే. అందరూ అలాగే పంపుతారు కదా

ముక్తసరి: 🙏

డీటీపీ_పాతకాపు: ఈ ముక్క పొద్దున్నే చెప్పాల్సింది నాయనా. ఫొటోగా పంపితే సైజు కుదించేస్తుంది, 600 పోయి ఏదో మిగులుతుంది, చుక్కలన్నీ అలుక్కుపోయి మళ్లీ బూడిదరంగు వచ్చేస్తుంది. పీడీఎఫ్ చెయ్యి, అందులో ఇమేజ్ కంప్రెషన్, డౌన్‌శాంప్లింగ్ (డీపీఐ తగ్గించడం) రెండూ తీసెయ్యి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లు. షాపులో పక్కనే నిలబడి ఫిట్ టు పేజ్ తీయించి యాక్చువల్ సైజ్ పెట్టించు, లేకపోతే 97 శాతానికో ఎంతకో తగ్గించి మళ్లీ గళ్లు తెస్తుంది. చుట్టూ అరసెంటీమీటరు ఏమీ పెట్టకు, అక్కడ మిషన్ అచ్చెయ్యదు. పేజీల వరస చూసుకున్నావా? ఏ4 మడిస్తే 16 పక్కన 1, 2 పక్కన 15, అలా కాగితం ఒక్కో వైపు పక్కపక్కన పడే రెండు పేజీల నంబర్లు కలిపితే 17 రావాలి, నాలుగు కాగితాల్లో అయిపోతుంది.

గరగర_గిటార్: 17 ఆ?? మేం 1, 2 పక్కపక్కనే పెట్టాం

ముక్తసరి: మార్చు.

సైక్లోస్టైల్_మావయ్య: మేం మూలన ఒక్క పిన్ను కొట్టేవాళ్లం, ఏ వరసా లేదు.

కత్తెర_జిగురు: మధ్యలో పిన్ను కొట్టడానికి మామూలు స్టేప్లర్ అందదు. కింద థర్మాకోల్ ముక్క పెట్టి, స్టేప్లర్ తెరిచి పైనుంచి గుచ్చు, తిప్పి స్పూను వెనకతో పిన్ను మడువు. 60 కాపీలకి వేళ్లు నొప్పెడతాయి, డ్రమ్మర్‌కి ఇవ్వు ఆ పని.

గరగర_గిటార్: వచ్చేసింది. ఫిట్ టు పేజ్ తీయించా. థాంక్స్ అందరికీ, షాపు మూసేస్తున్నాడు

కత్తెర_జిగురు: సైడ్‌బర్న్స్ అని మార్చావా లేదా?

డీటీపీ_పాతకాపు: చివరికి 45 పెట్టావా, 30 పెట్టావా? ఒక ఫొటో తీసి పెట్టు.