రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం తగ్గదు. ఏం చెప్పాలి?

నేను స్టాఫ్ నర్సుని, సైకియాట్రీ వార్డుకి మారి మూడు నెలలైంది. ఒకావిడ కడుపునొప్పి, గుండెదడ అంటూ ఏడాదిగా ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది. ఎండోస్కోపీ, స్కానింగ్, ఈసీజీ అన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరుగారు సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ (ఒంట్లో బాధల గురించి విపరీతమైన ఆందోళన పట్టుకునే మానసిక సమస్య) అని రాశారు. రిపోర్టుల సంచి తలగడ కింద పెట్టుకుని పడుకుంటుంది. పావుగంటకోసారి "సిస్టర్, ఒక్కసారి పల్స్ చూడమ్మా" అని పిలుస్తుంది.

"నీకేం లేదు" అనకూడదని తెలుసు. ఆ నొప్పి నటన కాదు. మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే పుస్తకం, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 కూడా రిపోర్టుల్లో కారణం దొరికిందా లేదా అన్నదాని కంటే, ఆ బాధ చుట్టూ ఉండే విపరీతమైన ఆందోళననే ముఖ్యంగా చూస్తుంది. అందుకే పిలిచినప్పుడల్లా కాకుండా, రెండు గంటలకోసారి నేనే వెళ్లి పది నిమిషాలు కూర్చుంటున్నాను. నొప్పి సంగతి కాస్త విని, కూతురి చదువు గురించి అడుగుతాను. అప్పుడు పొట్ట మీది చెయ్యి తనకు తెలియకుండానే తీసేస్తుంది.

చిక్కంతా సాయంత్రం విజిటింగ్ టైములో. భర్త ఆవిడ ముందే "అంతా నాటకం సిస్టర్" అంటాడు, రాత్రంతా మళ్లీ మొదలు. ఆయనకు ఎలా చెప్పాలి? ఇంకోటి, కొత్త నొప్పి చెప్పినా మామూలేలే అని వదిలేస్తానేమోనని నాకూ టెన్షన్. మీరెలా చూసుకుంటున్నారు?