ఫోటో అసలైనదని ఎలా నిరూపించాలి?

నిన్న ఫోనుతో అమ్మమ్మ ఫోటో తీశాను. పెద్దది చేసి చూస్తే కళ్ల చుట్టూ ఉండే సన్నని ముడతలు లేవు, చర్మమంతా నున్నగా ఉంది. నాకు కావలసింది ఆ ముడతలే! ఒక్క నొక్కుకు ఫోను అనేక ఫ్రేములు తీసి, కలిపి, తనకు తోచినట్టు దిద్దుతుందని తెలుసు. దీన్ని ఆపడం ఎలా? కెమెరా పట్టినదాన్ని పెద్దగా దిద్దకుండా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే సరిపోతుందా?

ఇంకో సందేహం కూడా ఉంది. 2023లో వచ్చిన లైకా ఎం11-పీ కెమెరా, ఫోటో తీసేటప్పుడే దానికి డిజిటల్ సంతకం (ఏ కెమెరాతో తీశారో, తర్వాత మార్చారో లేదో చూపే గుర్తు) జోడించగలదు. కానీ సామాజిక మాధ్యమాల్లో పెట్టగానే ఆ వివరాలు చెరిగిపోతే ప్రయోజనమేమిటి? కృత్రిమ మేధ బొమ్మలు పెరిగేకొద్దీ పత్రికలూ పోటీలూ ఇలాంటి రుజువు తప్పక అడుగుతాయా? కొత్త కెమెరా కొనాలనుకుంటున్నాను. ఈ సంతకాన్ని వాడి చూసినవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.