అరుదైన ఇంగ్లీషు పదాలు చదివితే తెలుస్తున్నాయి, రాసేటప్పుడు రావడం లేదు. ఏం చేయాలి?

ఇంగ్లీషు పేపర్లో సంపాదకీయం చదివితే బాగానే అర్థమవుతోంది. నేను రాయడానికి కూర్చుంటే మాత్రం మళ్లీ అవే గుడ్, బిగ్, ఇంపార్టెంట్. మామూలు పదాలతో ఇబ్బంది లేదు. చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే పదాల జాబితా అయిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌లోని 570 పద కుటుంబాలు కూడా చూశాను, చాలావరకు తెలిసినవే. ఆ పై మెట్టు కావాలి: యుబిక్విటస్ (ఎక్కడ చూసినా ఉండే), మిటిగేట్ (తీవ్రత తగ్గించు), ఎఫెమరల్ (క్షణికమైన) లాంటివి.

ప్రస్తుతం ఆంకీ అనే ఫ్లాష్ కార్డుల యాప్‌లో కార్డులు చేసుకుంటున్నాను. ముందువైపు పదం, వెనకవైపు అర్థం. కార్డు కనబడగానే అర్థం టక్కున చెప్పేస్తాను, వాక్యంలో పెట్టమంటే నోరు పెగలదు. పైగా ఏ పదం పక్కన ఏది ఒదుగుతుందో కార్డు చెప్పదు కదా. మిటిగేట్ పక్కన రిస్క్ చక్కగా కుదురుతుంది, హెడేక్ పెడితే నవ్వుతారు.

అందుకే అర్థం తీసేసి, ఖాళీ వదిలిన వాక్యం పెడదామనుకుంటున్నాను. అలా చేసినవాళ్లు ఉన్నారా? నిజంగా రాతలోకి పదాలు వచ్చాయా?

లాటిన్, గ్రీకు ధాతువుల సంగతి కూడా చెప్పండి. బెనెవలెంట్ (మంచి కోరే), మలెవలెంట్ (చెడు కోరే) లాంటి జంటలకు బాగా పనికొచ్చాయి, మిగతావాటికి అంత శ్రమ దండగేమో అనిపిస్తోంది.

జీఆర్ఈ లిస్టులు మాత్రం దయచేసి వద్దు. నాకు పరీక్షేమీ లేదు, అవి బట్టీపట్టి మర్చిపోవడానికే పుట్టాయని నా అభిప్రాయం.

ఇంకొక్కటి. ఒక అరుదైన పదం వాడితే అది సహజంగా ఉందో, డాబుగా ఉందో మీరు ఎలా పసిగడతారు?