రోటా చుక్కలు వేయించాక కూడా పాపకు విరేచనాలు ఎందుకయ్యాయి?

ప్రశ్న (ఆమదాలవలస నుంచి ఒక తల్లి):
మా పాపకు ఇప్పుడు 10 నెలలు. 6, 10, 14 వారాలకు మా ఊరి ఏఎన్ఎం గారి దగ్గర రోటా చుక్కలు (రోటావైరస్ విరేచనాలు రాకుండా నోట్లో వేసే టీకా) వేయించాము. అయినా పోయిన వారం మూడు రోజులు నీళ్ల విరేచనాలయ్యాయి. ఇప్పుడు తగ్గాయి. చుక్కలకు బదులు సూదిమందైతే ఒంట్లోకి బాగా పట్టేదని మా అత్తగారు అంటున్నారు. ఇందులో నిజం ఉందా?

జవాబు (బొబ్బిలి, సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, రోటావైరస్ ప్రధానంగా పెరిగేది చిన్నపేగు లోపలి పొరలో కాబట్టి, కాపలా కూడా అక్కడే ఉండాలి. పేగు గోడలో పేయర్ మచ్చలనే లింఫు కణజాలపు గుంపులు ఉంటాయి. నోటి ద్వారా వెళ్లిన బలహీన వైరస్‌ను అక్కడి బి కణాలు (రోగనిరోధక కణాలు) గుర్తుపట్టి, ఆ తరువాత పేగు పొడవునా స్థిరపడి, ఐజీఏ అనే ప్రతిరక్షకాన్ని (క్రిమిని పట్టుకునే ప్రోటీన్‌ను) జిగురు పొరలోకి వదులుతాయి. వైరస్ పేగు కణానికి అంటుకోకముందే ఐజీఏ దానిని పట్టేస్తుంది. పోలియోలోనూ ఇదే చూశాము: సూదిమందు రక్తంలో ప్రతిరక్షకాలను పెంచి పక్షవాతాన్ని ఆపుతుంది గాని, పేగులో వైరస్ పెరగడాన్ని చుక్కలంత బాగా అడ్డుకోలేదు.

అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. హైదరాబాదులో తయారైన రోటావాక్ అనే రోటా చుక్కల టీకా మన దేశపు పరీక్షలలో మొదటి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలను సుమారు 56 శాతం తగ్గించింది. పైగా విరేచనాలు కలిగించే నోరోవైరస్, ఆస్ట్రోవైరస్ వంటి వేరే వైరస్‌లను ఈ చుక్కలు ఆపవు. మీ పాపకు వచ్చింది ఏదో పరీక్ష చేయకుండా చెప్పలేము. రోటాయే అయినా, చుక్కలు పడిన బిడ్డలో అది ప్రాణం మీదికి వచ్చే అవకాశం తక్కువ. 2016లో ఈ టీకాను మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో మనది ఒకటి కావడం నాకు ఎంతో సంతోషాన్నిచ్చే విషయం.

ప్రశ్న అడిగిన తల్లి:
చాలా కృతజ్ఞతలండి. విరేచనాలప్పుడు పాలు మాన్పించమన్నారు, నేను ఒక పూట మానేశాను. తప్పు చేశానా?

జవాబు (శ్రీకాకుళం, విశ్రాంత నర్సు):
బాధపడకు తల్లీ, ఇకమీదట మాత్రం మానవద్దు. నీ పాలలోనూ ఐజీఏ ఉంటుంది, అది బిడ్డ పేగులో నేరుగా పనిచేస్తుంది. మళ్లీ విరేచనాలైతే పాలతో పాటు ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా చెంచాతో పట్టించు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకును, విరేచనాలు తగ్గినా సరే, 14 రోజులు పూర్తిగా ఇవ్వాలి. ఆ మాత్రలు ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతాయి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా, మలంలో రక్తం కనబడినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లు.